నోటుబుక్కులో మేనమామ

ఇస్రాయేలు మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు. ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే అతని గురించి మంచి కూడా చెప్పబోతున్నాను, అది విని మీరు నన్ను మెతక మనిషి అనుకోకూడదు.

నా పేరు శాంతమ్మ. కొల్లాపూర్‌లో అంగన్‌వాడీ టీచర్ని. ఇరవై రెండేళ్ళుగా పిల్లల ముక్కులు తుడుస్తున్నాను, వాళ్ళ పెద్దల అబద్ధాలు వింటున్నాను. ఇస్రాయేలు బస్టాండు దగ్గర ఒక కొట్టులో కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ముప్పై ఏళ్ళుంటాయి. పనిమంతుడే, కాదనను. నోట్లో మాత్రం నాలుక లేదు. పంట ఎండిపోతోందని రైతులు నెత్తిన కూర్చుని తిట్టినా తల వంచుకుని రాగితీగ చుట్టుకుంటూ ఉంటాడు తప్ప, ఇదిగో అయిపోయింది అని కూడా అనడు.

అతనికి నిస్సీ అని ఒక కూతురు. నాలుగేళ్ళు. తల్లి సరిత. సరితకూ ఇతనికీ పెళ్ళి కాలేదు. ఇద్దరూ హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట కలిశారు. ఆమె ఇటుకలు మోసేది, ఇతను గోడల్లో కరెంటు పైపులు వేసేవాడు. మూడేళ్ళు ఒకే గదిలో కాపురం చేశారు. ఇతనిది చర్చికి పోయే ఇల్లు, ఆమెది కాదు. కులాలూ వేరు. రిజిస్టరు పెళ్ళి చేసుకుందామని సరిత అడిగినప్పుడల్లా ఈ మహానుభావుడు వచ్చే నెల అన్నాడు. బిడ్డ పుట్టినప్పుడు తండ్రి ఆధార్ అడిగితే ఊళ్ళో ఉందన్నాడు. సర్టిఫికెట్లో తండ్రి పేరు గడి ఖాళీగా వదిలేశారు. తర్వాత రాయిస్తానన్నాడు. ఆ తర్వాత అనేది రానేలేదు.

రెండేళ్ళ కిందట సరిత తల్లికి పక్షవాతం వచ్చింది. చూసుకోవడానికి సరిత బిడ్డను చంకనేసుకుని కొల్లాపూర్ వచ్చేసింది. ఆమె తండ్రి లింగయ్య మామిడితోటలో కావలి ఉంటాడు. కూతురినీ మనవరాలినీ ఇంట్లోకి రానిచ్చాడు, వెనకే వచ్చిన ఇస్రాయేలును గడప తొక్కనివ్వలేదు. అల్లుడు పుణెలో ఉన్నాడని వాడలో చెప్పుకున్నాడు. ఇస్రాయేలు ఊళ్ళోనే ఒక గది తీసుకున్నాడు. అయితే పొద్దున్నే సరిత కూలి ఆటో ఎక్కాలి, లింగయ్య తోటకు పోవాలి. మరి పిల్లను సెంటరులో దింపేదెవరు? దానికి మాత్రం ఇస్రాయేలు పనికొచ్చాడు. సందు మొదట్లో నిలబడాలి, పిల్లను తీసుకోవాలి, మధ్యాహ్నం తెచ్చి మళ్ళీ అక్కడే వదలాలి. ఎవరితోనూ ఏమీ అనకూడదు. సొంత బిడ్డకు కిరాయి ఆటోవాడిలా తిరిగాడు. చెప్తుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

మా సెంటరులో నేను సొంతంగా ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. పిల్లను ఎవరు దింపారు, ఎవరు తీసుకుపోయారు, పిల్లకు ఏమవుతారు, సంతకం. ఒకసారి తాగి వచ్చిన ఒకాయన తన కొడుకనుకుని పక్కింటివాళ్ళ పిల్లాడిని ఎత్తుకుపోయాక నాకు వచ్చిన బుద్ధి అది. మొదటిరోజు ఇస్రాయేలు రాగానే బుక్కు ముందుకు తోసి, పిల్లకు నువ్వేమవుతావని అడిగాను. అతను వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్ళ వైపు ఒకసారి చూశాడు. మేనమామనన్నాడు.

నాకు నవ్వొచ్చింది. సరిత ఒక్కగానొక్క కూతురని, లింగయ్యకు కొడుకులు లేరని వాడలో అందరికీ తెలుసు. పైగా లింగయ్య ఇంట్లో ఇస్రాయేలు అనే కొడుకు ఎలా పుడతాడు? పిల్ల చెవులు, నుదురు, నడిచేటప్పుడు ఎడమపాదం లోపలికి వేయడం, అన్నీ అచ్చుగుద్దినట్టు ఇతనివే. అయినా నేను నోరు మూసుకుని పెన్ను చేతికిచ్చాను. సరితే అలా చెప్పమని ఉంటుంది, ఆడపిల్ల పరువు మనమెందుకు తీయాలి అనుకున్నాను. వాకిట్లో ఉన్న ఆడవాళ్ళూ అలాగే అనుకుని, ముసిముసిగా నవ్వుకుంటూ పోయారు. ఏడాదిన్నర పాటు రోజుకు రెండుసార్లు తన చేత్తో మేనమామ అని రాసి సంతకం పెట్టాడు. నిస్సీ కూడా మామా, మామా అంటూ అతని భుజమెక్కేది.

తండ్రిగా అతనికి వంక పెట్టడానికి లేదు. సెంటరులో ఇచ్చే గుడ్డు నిస్సీ తెల్లసొన వరకే తింటుంది, పచ్చసొన ఇతను తినాలి. జడ వేయడం మా ఆయమ్మ దగ్గర నేర్చుకున్నాడు. ఒకరోజు పిల్లకు జ్వరం కాలిపోతుంటే విప్పిన మోటారు విప్పినట్టే వదిలేసి దవాఖానకు పరిగెత్తాడు. అక్కడ సూది వేసే ముందు నర్సు, నువ్వెవరని అడిగింది. అక్కడ కూడా మామనన్నాడు. అయితే తల్లిని పిలువు అందామె. సరిత ఎక్కడో చేనులో ఉంది, ఫోన్ ఎత్తలేదు. చివరికి నేను పోయి మాట్లాడితే సూది వేశారు. ఆ రోజైనా బుద్ధి రావాలా వద్దా? రాలేదు.

మొన్న ఎండాకాలంలో లింగయ్య ఒక నిర్ణయం చేశాడు. జూన్ నుంచి పిల్లను వనపర్తిలో బడికి వేస్తాడట, తన చెల్లెలి ఇంట్లో ఉంచుతాడట. తల్లి ఇప్పుడు కర్ర పట్టుకుని తిరుగుతోంది గనక సరిత కూడా అక్కడే టైలర్ షాపులో పనికి కుదిరింది. ఇక పిల్లను దింపేవాడి అవసరం లేదు కదా. రేపటి నుంచి రావద్దని ఇస్రాయేలుకు సందు మొదట్లోనే చెప్పేశాడు.

ఇస్రాయేలు తిన్నగా నా దగ్గరికొచ్చి పిల్లల చాప మీద కూలబడ్డాడు. అంత పొడుగు మాట అతని నోట అంతకుముందు నేను వినలేదు.

"బిడ్డను మొత్తానికి ఇయ్యమంటలేను టీచరమ్మా. తల్లి కాడ ఐదు దినాలుండనీ. నా కాడ రెండు దినాలు. శనివారం తెచ్చుకుంట, ఆదివారం దింపుత. గంతే."

లింగయ్యనూ అదే అడిగాడట. సగం సగం పంచుకోవడానికి ఇదేమన్నా పొలమా అని ఆయన నవ్వాడట. బస్టాండు దగ్గరివాళ్ళు ఇంకో రకం. మగాడివైతే పిల్లను ఎత్తుకుపో, లేదంటే వదిలేసి ఎవరినైనా కట్టుకో అన్నారట. వీళ్ళ తెలివి తగలెయ్య! బిడ్డను ఎత్తుకుపోతే మగతనమట, వారానికి రెండు రోజులు జడవేసి అన్నం పెడతానంటే మాత్రం నవ్వులాటట. నేనే అతన్ని రెక్క పట్టుకుని నాగర్‌కర్నూల్‌లో శ్రీనాథ్ అనే వకీలు దగ్గరికి తీసుకుపోయాను.

శ్రీనాథ్ ఉన్నదున్నట్టు చెప్పాడు. పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డకు ముందు తల్లే సంరక్షకురాలు. తండ్రి స్థానం ఆమె తర్వాతే. అయినా బిడ్డ మేలు చూసి కోర్టు రోజులు పంచవచ్చు, కాకపోతే ముందు నువ్వు తండ్రివని తేలాలి, కాగితమేమన్నా ఉందా అని అడిగాడు. ఏముంది? ఒక ఖాళీ గడి ఉంది. రక్తపరీక్షలు అడిగితే ఏడాది పడుతుందన్నాడు. పిటిషన్ వేశాం. కోర్టువాళ్ళు ముందు మధ్యవర్తి దగ్గర కూర్చుని మాట్లాడుకోమన్నారు.

ఈలోగా నేను చేసిన ఘనకార్యం కూడా వినండి. లింగయ్య సెంటరుకు వచ్చి, వనపర్తి బడిలో అడుగుతున్నారమ్మా, పిల్ల రోజూ వచ్చినట్టు నీ నోటుబుక్కు ఒకసారి ఇస్తే ఫోటోలు తీసుకుంటా అన్నాడు. చదువు మాటెత్తగానే కరిగిపోయి చేతిలో పెట్టాను.

మధ్యవర్తి గదిలో ఆ ఫోటోలే బయటికొచ్చాయి. బల్లకు ఒకవైపు సరిత, లింగయ్య, వాళ్ళ వకీలు. ఇంకోవైపు ఇస్రాయేలు, శ్రీనాథ్, నేను. నిస్సీని సరిత మేనత్త బయట వరండాలో కూర్చోబెట్టుకుంది. లింగయ్య తెచ్చిన వకీలు ఫోటోలు ఒక్కొక్కటిగా పరిచాడు. ఏడాదిన్నర తన చేత్తో మేనమామనని రాసుకున్నవాడు ఇవాళ తండ్రినంటున్నాడు, చెల్లెలి బిడ్డకు అన్న తండ్రవుతాడా, రెండింట్లో ఏది నిజమైనా ఈ మనిషికి పిల్లను అప్పగించకూడదు అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఇస్రాయేలు నోరు తెరుస్తాడేమోనని చూశాను. నేనే లేచాను. ఆ బుక్కు నాది, అందులో రాసింది అబద్ధం, అబద్ధమని మొదటిరోజే నాకు తెలుసు, తెలిసే పెన్ను ఇచ్చాను, మెమో ఇస్తారో ఉద్యోగమే తీస్తారో మీ ఇష్టం అన్నాను. ఇతన్ని వాడుకున్నన్నాళ్ళు వాడుకుని ఇప్పుడు ఆ కాగితాన్నే అతని మొహాన కొడతారా అని లింగయ్యను కడిగేశాను. మా ఇంటి మీద ఎందుకు పడ్డావు శాంతమ్మా అని ఆయన లేవబోయాడు.

సరిత తండ్రి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"టీచర్ చెప్పింది నిజమే మేడం. బిడ్డ ఈయనదే" అంది మధ్యవర్తితో. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆమె ఇస్రాయేలు వైపు తిరిగింది. "గని మామ అని రాయమని నేను చెప్పలే. నువ్వే చెప్పినవ్. పొద్దుమీకి ఫోన్ చేసి, గిట్ల రాసిన సరితా అన్నవ్. నన్ను చెల్లెను జేసినవ్. మీ అన్న వచ్చిండని ఆడోళ్ళు పండ్లు ఇకిలిస్తుంటే తలకాయ కిందికేసుకొని కూలికి పోయిన. ఇయ్యాల మామను కాదంటవేమో, రేపు కాదంటవేమో అని ఏడాదిన్నర చూసిన."

"మీ నాయిన..." అన్నాడు ఇస్రాయేలు.

"మా నాయినకు నేను భయపడలే. నువ్వు భయపడ్డవ్. రెండు దినాలు బిడ్డను నీ కాడ పండవెడితే, ఎవరన్న అడిగితే ఏమంటవ్? మేనకోడలంటవా?"

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది నాకు. ఆమె పరువు కాపాడుతున్నానని ఏడాదిన్నర మురిసిపోయాను, ఒక్కనాడైనా ఆమెను అడిగానా? అతనూ అడగలేదు. ఇద్దరం కలిసి ఆమెను అవమానించాం. అతని మీద జాలితో అంతదూరం వచ్చినదాన్ని, ఆ క్షణాన చెంప పగలగొట్టాలనిపించింది.

మధ్యవర్తి మేడం పిల్లను కూడా ఒకసారి చూస్తానంది. నిస్సీని లోపలికి తెచ్చారు. ఆమె పిల్లను దగ్గరికి తీసుకుని, ఇస్రాయేలును చూపించి, ఈయన నీకేమవుతాడమ్మా అని అడిగింది.

నిస్సీ బల్ల చుట్టూ తిరిగి ఇస్రాయేలు దగ్గరికి వెళ్ళి, చొక్కా పట్టుకుని కిందికి వంచింది. గుసగుసగానే అడిగింది కానీ గదిలో అందరికీ వినబడింది.

"ఈడ నిన్ను మామ అనాల్నా, నాయిన అనాల్నా?"

దానికి అన్నీ తెలుసు. నా కళ్ళ ముందు మామా అని భుజమెక్కిన పిల్ల, అతని గదిలో తలుపు మూసుకున్నాక నాయినా అంటోందన్నమాట. నాలుగేళ్ళ పిల్లకు ఎక్కడ ఏ అబద్ధం ఆడాలో నేర్పించాడు ఈ మనిషి. శ్రీనాథ్ పెన్ను ఎత్తి, ఇది రాసుకోండి అని ఏదో అనబోయాడు, మేడం చెయ్యి చూపి ఆపింది. సరిత చేతులు కట్టుకుని ఇస్రాయేలునే చూస్తోంది. సాయం పట్టే ఉద్దేశం ఆమె మొహంలో ఎక్కడా లేదు.

"నాయిన అను" అన్నాడు ఇస్రాయేలు. పక్కనున్న నాకే సరిగా వినబడలేదు.

"గట్టిగ చెప్పు" అంది సరిత.

"నాయిన అను బిడ్డా. ఏడనైనా, ఎవ్వరడిగినా నాయిననే. మామ అనమన్నది నా తప్పు."

ఈసారి వరండాలో వాళ్ళకు కూడా వినబడి ఉంటుంది. మేడం కాగితం దగ్గరికి లాక్కుని, శని, ఆదివారాలు సరేనా అని సరితను అడిగింది. సరిత సరేనని తలూపింది. నిస్సీ మాత్రం చొక్కా వదల్లేదు. లింగయ్య వైపు ఒకసారి చూసి మళ్ళీ ఇస్రాయేలు చెవి దగ్గరికి వచ్చింది.

"తాత ముందర గూడనా?"

లింగయ్య మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఇస్రాయేలు పిల్లను ఎత్తుకుని, లింగయ్య కుర్చీ ఎదురుగా పోయి నిలబడి, ఇప్పుడు పిలువు అన్నాడు.