దామరచర్ల అడవిలో మా గుడిసె

మొన్న వేసవిలో కోదాడలో ఉండే మా కొడుకు, కోడలు, ఇద్దరు మనవరాళ్ళతో కలిసి అడవిలో చెక్కలతో కట్టిన గదుల్లో రెండు రోజులు ఉండి వచ్చాను. అసలు నన్ను వెంట తీసుకుపోవడానికే వాళ్ళు జంకారు. మోకాళ్ళ నొప్పులు, అక్కడ ఏసీ లేదు, దవాఖాన దగ్గరలో లేదు, సూర్యాపేటలో మీ ఇంట్లోనే హాయిగా ఉండండి అత్తమ్మా అని కోడలు మెత్తగా నచ్చజెప్పింది. నేను సంచి సర్దుకుని వాకిట్లో కూర్చున్నాను. తీరా పోయాక మొదటిరోజు సాయంత్రమే గాలివాన వచ్చి, వసారా మీది రేకు ఒకటి లేచిపోయి, కరెంటు పోయి, పిల్లలు ఏడుపు అందుకునేసరికి కొడుకు కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. మీరు పోతే పొండి, నేను మాత్రం ఎక్కను అన్నాను. ముసలిదాన్ని వదిలి పోలేక అందరూ ఉండిపోయారు, తెల్లారి లేచి వాగులో ఆడుకున్నారు కూడా. వట్టి మొండిదానివని కొడుకు ఇప్పటికీ అంటాడు. అననివ్వండి. ఈ మొండితనం ఎక్కడిదో నా ఈడువాళ్ళకైనా చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

మాది తుంగతుర్తి దగ్గర ఒక పల్లె, తాతల కాలం నుంచి గొర్లు కాసుకుని బతికిన ఇల్లు. అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్ళం. నాకు పన్నెండేళ్ళు, చెల్లెకు తొమ్మిదేళ్ళు ఉన్నప్పటి మాట. ఆ ఏడు వానలు మొహం చాటేసి, ఎండాకాలం మొదట్లోనే బీళ్ళన్నీ మాడిపోయాయి. మందకు మేత కోసం తుమ్మకొమ్మలు కొడుతూ నాయన చెట్టు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అలాంటి కరువు ఏడాదుల్లో మగవాళ్ళు మందలను తోలుకుని దామరచర్ల అవతల కృష్ణ ఒడ్డు అడవికి పోయి, తొలకరి దాకా అక్కడే ఉండేవాళ్ళు. నాయన మంచం దిగలేడు. వ్యవసాయం చేసుకునే మా పెద్దనాయన, అంటే నాయన అన్న, వచ్చి కూర్చుని, మందను అంగడిలో అమ్మేయడం తప్ప దారి లేదని తేల్చేశాడు. మంద పోతే నాయన ఇంకొకరి ఇంట జీతం ఉండవలసిందేనని మా ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు. మర్నాడు పొద్దు పొడవకముందే అవ్వ నాయనను నాయనమ్మకు అప్పజెప్పి, దొడ్డి తడిక తీసి, మా ఇద్దరిని వెంటబెట్టుకుని మందతో బయలుదేరింది.

సూర్యాపేట, నేరేడుచర్ల మీదుగా ఆగి ఆగి నడిచి, ఎనిమిదో రోజు అడవి చేరాం. ఎవరో కాపరులు వేసుకుని వదిలిపోయిన గుడిసె ఒకటి దొరికింది. నాలుగు గుంజలు, పైన తాటాకు, తలుపు లేదు. గొంగడి అడ్డంగా కట్టి అదే తలుపు అనుకున్నాం. వాగు ఇసుకలో చెలిమె తోడితే తియ్యటి నీళ్ళు ఊరేవి. పొద్దంతా మంద వెంట తిరగడం, పొద్దుగూకే వేళకు ముళ్ళకంప దొడ్డిలోకి తోలడం, జొన్నగట్క తిని పడుకోవడం. నిజం చెప్తున్నాను, ఆ మొదటి పది రోజుల్లో ఉన్నంత సుఖంగా నేను తర్వాత మిద్దె ఇంట్లో కూడా లేను.

తప్పు చేసింది నేనే. ఒకరోజు ఎండ ఎక్కువగా ఉందని పొయ్యిరాళ్ళను పెద్ద చెట్టు నీడలోకి జరిపి మంట పెట్టాను. పైన తేనెపట్టు ఉన్నదని చూసుకోలేదు. పొగకు ఈగలు జుమ్మని లేచి, పక్కనే ఆడుకుంటున్న చెల్లెను కమ్ముకున్నాయి. అవ్వ ఎక్కడి నుంచి ఉరికి వచ్చిందో తెలియదు, చెల్లె మీద గొంగడి కప్పి, దాని మీద తాను బోర్లా పడుకుంది. చెల్లెకు నాలుగైదు కాట్లతో పోయింది. అవ్వ ముఖం మాత్రం సాయంత్రానికి కుండలా వాచి, రెండు కళ్ళూ మూసుకుపోయాయి.

మర్నాటి నుంచి మందను మేమిద్దరమే తోలాం. అవ్వ దొడ్డి వాకిలి దగ్గర రాయి మీద కూర్చుని, లోపలికి పోయే ఒక్కొక్క జీవం వీపు తడిమి లెక్కపెట్టేది. నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు, అదే నాకు పెద్ద శిక్ష.

రెండో రోజు మధ్యాహ్నం దాటాక గాలిదుమారం లేచింది, వెనకే రాళ్ళవాన. గుడిసె కప్పు లేచి వాగులో పడింది. బెదిరిన మంద చెల్లాచెదురై చెట్లలో పడి మాయమైపోయింది. నేను ఏడుస్తూ అవ్వ దగ్గరికి ఉరికి, గొర్లన్నీ పోయినయి అవ్వా అన్నాను. "ఎటు దిక్కు పోయినయో అటు దిక్కు నన్ను నిలబెట్టు" అంది. భుజాలు పట్టుకుని తిప్పి నిలబెట్టాను. కళ్ళు కనపడని ఆ మనిషి నెత్తి మీద వడగండ్లు పడుతుంటే కదలకుండా నిలబడి, రోజూ మందను పిలిచే ఆ కూతనే గొంతు పగిలేలా కూసింది. కూస్తూనే ఉంది. వాన వెలిసేసరికి ముందు ముసలి పొటేలు వచ్చింది, తర్వాత ఒకటొకటిగా అన్నీ ఆ గొంతు పట్టుకుని వచ్చాయి. ఏడు గొర్లు మాత్రం రాలేదు. కూలిన చెట్టు కింద తర్వాత మూడు చచ్చిపడి కనిపించాయి, మిగతావి ఏమయ్యాయో దేవుడికే ఎరుక.

అంగడి పని మీద మిర్యాలగూడకు వచ్చి ఉన్న పెద్దనాయన గాలివాన సంగతి విని, మరి రెండు రోజులకు ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. కప్పు లేని గుడిసెను, అవ్వ ముఖాన్ని చూసి ఆయనకు కోపమే వచ్చిందో, జాలే కలిగిందో నాకు తెలియదు.

"మొగోళ్ళకే తిప్పలయ్యే పని, నీతోని యాడ అయితది? పిల్లల్ని బండెక్కియ్యి. మందను మిర్యాలగూడ అంగట్ల అమ్ముత" అన్నాడు.

అవ్వ ఆ గొంతు వైపు తిరిగి, "కండ్లు మూసుకపోయినయి గని కాళ్ళు మంచిగనే ఉన్నయి బావా. దూరం నుంచి వచ్చినవ్, జర ఇంత గట్క తిని పో" అంది.

ఆయన తినలేదు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని బండెక్కాడు. ఎక్కినవాడు మళ్ళీ దిగి, బండిలోని జొన్నపిండి మూటను తెచ్చి చెట్టు మొదట్లో పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు. గుడిసె మీదికి మేమే కొమ్మలు కప్పుకున్నాం.

తొలకరి పడ్డాక మందతో ఊరు చేరాం. నాయన కట్టె పట్టుకుని ఊరి బయట నిలబడి ఉన్నాడు. కుంటుకుంటూ మంద నడుమకు పోయి ఒక్కొక్క దాన్ని ముట్టుకున్నాడు, రానివాటి గురించి అడగలేదు. ఊరు మాత్రం ఊరుకోలేదు. ఇద్దరు ఆడపిల్లలతో అడవిలో అన్ని రోజులు ఎట్లా ఉన్నదని బావి దగ్గర ఎవరో దీర్ఘం తీస్తే, "అడవిల నక్కలే ఉంటయి, అవి ఊళ్ళె గూడ ఉన్నయి" అని అవ్వ బిందె నెత్తికెత్తుకుంది. మర్నాడు, ఆ మర్నాడు కూడా అదే వేళకు అదే బావికి పోయింది. మరుసటి ఏడు నాయన కాలు బాగయ్యాక కూడా అడవికి తానూ పోయింది. నాయన వద్దనలేదు.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మందలు లారీల్లో పోతున్నాయి, మా ఇళ్ళలోని ఆడపిల్లలు స్కూటీల మీద కొలువులకు పోతున్నారు, ఎవరినీ అడగరు; అది చూసి నాకు సంతోషమే. చెల్లె మిర్యాలగూడలో స్థిరపడింది. ఎప్పుడైనా ఇద్దరం బస్సులో దామరచర్ల దాటి పోతుంటే కిటికీలోంచి ఆ అడవి కోసం వెతుకుతాం. కరెంటు కేంద్రం పొగగొట్టాలు, లారీలు, కూలీల రేకుల షెడ్లు కనిపిస్తాయి గాని ఆ వాగు ఏదో, ఆ చెట్టు ఎక్కడుండేదో పోల్చుకునే గుర్తు ఒక్కటి కూడా మిగలలేదు. గుడిసె రోడ్డుకు ఎడమ దిక్కున ఉండేదని నేనంటాను, కాదు కుడి దిక్కునని చెల్లె అంటుంది. మిర్యాలగూడ తిరిగి వచ్చేదాకా వాదులాడుకుంటాం. అవ్వ బిడ్డలం కదా, ఇద్దరిలో ఒక్కరం కూడా తగ్గం.