కోటయ్య గారి చూపు మీద నేను చెప్పిన తీర్పు

నా తెలివి వల్ల పాడైనవి రెండు: ఒక లారీ మిర్చి, ఒక మనిషి పరువు. మిర్చి సంగతి నవ్వుతూనే చెప్పగలను. రెండోదాని దగ్గర నా గొంతు మారితే మీరు పట్టించుకోకండి.

కంప్యూటర్ చదువు ముగించి, గుంటూరులో మిర్చి కొని ఎగుమతి చేసే ఒక కంపెనీలో చేరాను. అక్కడ కాయ నాణ్యం తేల్చేది కోటయ్య గారు. ముప్పై ఏళ్లుగా అదే పని. బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి వాసన చూసి, మేలు రకమైతే డీలక్స్ అనో, కాస్త తక్కువైతే మీడియం అనో అనేవారు. రంగు పోయి తెల్లబారిన కాయైతే తాలు అని పక్కకు తోసేవారు. ఆ మాటకు తిరుగులేదు.

నేను ఊరుకుంటానా? ఫోటో తీస్తే కాయ రకం చెప్పే యాప్ ఒకటి తయారుచేశాను. దానికి పాఠాలు చెప్పింది ఎవరనుకున్నారు? కోటయ్య గారే. నెల రోజులు గోడౌన్‌లో ట్యూబ్‌లైటు కింద ఒక్కో ఫోటోకూ ఆయన ఓపిగ్గా పేరు చెబుతుంటే నేను ఎక్కించుకున్నాను. రోజూ టీ తెప్పించింది కూడా ఆయనే. ఆయన కుర్చీకి ఆయన చేతే ఎసరు పెట్టిస్తున్నానని అప్పుడు నాకు తోచలేదు. కనీసం అలా అని నాకు నేను చెప్పుకుంటాను.

ఇక ప్రదర్శన రోజు. యార్డులో ఎండ మండిపోతోందని మా ఓనరు గారి కోసం పైన టార్పాలిన్ కట్టించాను. ఎర్రటి టార్పాలిన్. ఆ రంగు మీరు పట్టేశారు. ఇంజనీరునైన నేను పట్టలేదు.

లారీ సరుకు వచ్చింది. కోటయ్య గారు ఒక కాయ విరిచి, తొక్క నలిపి చూశారు.

"సగానికి సగం తాలేనండి. తీసుకోవద్దు."

నేను ఫోన్ పెట్టి ఫోటో తీశాను. యాప్ డీలక్స్ అంది. మళ్లీ తీశాను. మళ్లీ అదే మాట. ఆ టార్పాలిన్ కింద గుమ్మడికాయ పెట్టినా డీలక్స్ మిర్చి అనేదే.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? హమాలీలు, రైతులు, ఓనరు గారు అందరూ వింటుండగా నవ్వుతూ అన్నాను.

"బాబాయ్, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లి చాన్నాళ్లయినట్టుందే."

అందరూ నవ్వారు. ఆయన కాయను ఒకసారి ఎండలోకి తీసుకెళ్లి చూసుకున్నా బాగుండేది. కానీ తలవంచుకుని చేతులు దులుపుకున్నారు. మా కంపెనీ సరుకు కొనేసింది. చూపు ఆననాయనతో పనేమిటని ఓనరు గారు ఆ వారమే ఆయన్ను పని మానిపించారు.

నెల తిరక్కుండా మా దగ్గర కొన్నవాళ్లు సరుకంతా తిప్పి పంపారు. ఎండలో బస్తాలు విప్పితే తెల్లగా తాలు. అప్పుడు తల పైకెత్తి ఆ ఎర్ర టార్పాలిన్ వైపు చూశాను.

సిగ్గు చంపుకుని నల్లపాడులో ఉన్న ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన కంటి పరీక్ష కాగితం తెచ్చి నా చేతికిచ్చారు.

"డాక్టరు గారు చూపు బానే ఉందన్నార్రా అబ్బాయ్. మరి ఆ కాయ దగ్గర ఎట్టా తప్పానో తెలీట్లా."

నెల రోజులుగా ఆయన మిషన్నే నమ్మారు. తనను కాదు. మీరు తప్పలేదు, తప్పింది నేనని చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకుని మడతపెట్టారు.

"ఆ మాట కూడా నలుగురిలో చెప్పు," అన్నారు.

చెప్పాను. ఓనరు గారు శ్రద్ధగా విని, టార్పాలిన్ విప్పించి, యాప్ కోసం మంచి తెల్ల లైటు కొన్నారు. కోటయ్య గారిని మాత్రం పిలవలేదు.

కాబట్టి ఇందుమూలంగా సమస్త పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: కాయ విరిచి రకం చెప్పగల మనిషిని ఇంకెప్పుడూ నలుగురిలో ఎగతాళి చేయను. నిలబెట్టుకోవడం కష్టమేమీ కాదు. మా కంపెనీలో అలాంటి మనిషి ఇప్పుడు ఒక్కరూ లేరు.