ఎదుటి చోటు

ఆ ఏడాది నా గుంపులో ఐదుగురు పిల్లలు, ఒకటే పుస్తకం. శిక్షణలో చెప్పింది పిల్లకొక పుస్తకం: నలుగురైదుగురిని దగ్గర కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరి చేత చదివిస్తూ, తడబడిన చోట మాట అందించాలి. మిగిలిన నాలుగు పుస్తకాల కోసం మూడుసార్లు కొండ దిగాను. మూడుసార్లూ మండలాఫీసులో ‘వస్తాయి’ అన్నారు.

అరకు పైన కొండ మీద, ఆ ఒంటిగది బడికి నేను విద్యా వాలంటీరుని. చదివింది సివిల్ డిప్లొమా. లోపం ఎక్కడున్నా కొలిచి పట్టుకోగలనన్న ధీమా నాది. పుస్తకం నా ముందు చాప మీద ఉండేది. నాకు ఇరుపక్కలా ఇద్దరేసి. చోటు చాలక ఐదో పిల్ల ఎదురుగా కూర్చునేది. ఎవరి ఒప్పులు, తప్పులు ఎన్నో రోజూ నోటుబుక్కులో రాసేవాణ్ణి. ఒక్క తప్పూ లేనిది ఆ ఎదుటి పిల్లకే. నల్లబల్లకు రంగు పోయి సుద్ద నిలిచేది కాదు కనుక రాతంతా పలకల మీదే, అదీ నా వైపుకు తిప్పుకునే రాసి చూపించేవాణ్ణి. ఆమె పలక నాకు తిన్నగానే కనిపించేది, ఒప్పు పెట్టేవాణ్ణి. ఎదురుగా కూర్చున్న మనిషి రాత నాకు తలకిందులుగా కనిపించాలి కదా అని ఒక్కరోజూ తట్టలేదు.

ఏడాది చివర, కింద ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతికి పిల్లలను ఎంచడానికి ఒక అధికారి జీపులో వచ్చారు. చదివితే హాస్టలు, లేకపోతే కాఫీ తోట అని ఆ పిల్ల తల్లి ముందే తేల్చేసింది. నలుగురూ చదివారు. ఐదో పిల్ల పుస్తకం అందుకుని, తిప్పి పట్టుకుంది.

“ఏటి గుంటా, తలకిందులుగా పట్టినావేటి? తిన్నగా పట్టు,” అన్నారు అధికారి.

తిన్నగా పట్టింది. ఒక్క అక్షరం కూడా పోల్చుకోలేకపోయింది.

“దానిది గబ్బిలం సదువండి!” అన్నాడొక గుంటడు. పిల్లలంతా నవ్వారు. నాకప్పుడు అర్థమైంది.

“తప్పు నాది సార్. తిప్పి చదవనివ్వండి,” అన్నాను.

తిప్పి, పేజీ అంతా ఆగకుండా చదివింది.

“బట్టీ పట్టిందిలెండి. పుస్తకం పట్టుకోవడమే రాదు,” అంటూ ఆయన ముందున్న బల్ల మీద ఫారం పెట్టి రాయసాగారు. బల్లకు ఇవతల, ఆయనకు ఎదురుగా నిలబడిన పిల్ల ఆ కలం వంకే చూస్తోంది.

“సదవడం... రాదు,” అని పైకి చదివింది.

ఆయన చేయి ఆగింది. నాకు ఆశ పుట్టింది.

“కొట్టివేతలుంటే పై ఆఫీసులో తీసుకోరు మేస్టారూ,” అని కలానికి మూత పెట్టేశారు.

జూన్‌లో జీపు నలుగురినే ఎక్కించుకుపోయింది. ఆ పిల్ల తల్లి తోటకు వెళుతూ బడి గుమ్మం దగ్గర ఆగింది.

“రోజూ అంపినాను కదా మేస్టారూ, ఏటి నేర్పినారు?”

నోటుబుక్కు నా చేతిలోనే ఉంది. ఆమె కూతురి పేరు పక్కన అన్నీ ఒప్పులే.