పోయొస్త

గోదావరిఖని నుంచి జ్యోతినగర్ పోయే షేరింగ్ ఆటోల కూసున్న. యూటర్న్ దూరమని డ్రైవర్ డివైడర్ సందులకెల్లి బండిని రాంగ్ రూట్లకు మలిపిండు. ఈ రోడ్డు మీద జానెడు సందు దొరికితే సాలు, అందరికి అదే యూటర్న్. ఎదురుంగ బొగ్గు లారీ లైట్లు కొట్టుకుంట వస్తున్నది.

"ఏంది తమ్మీ గిది, మమ్ముల సంపుతవా?" అని ఒర్లిన.

"రోజు పోయే తొవ్వనే సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నడు. ఆ మాటకు నా ఒళ్లు ఇంకింత మండింది.

నా పక్కన కూరగాయల సంచి ఒళ్లె పెట్టుకొని ఒక అక్క కూసున్నది. ఆమె ఒర్లలే. డ్రైవర్ భుజం తట్టి, "తమ్మీ, పొద్దుగాల ఇంట్ల ఏమని చెప్పి బయలెల్లినవ్?" అని అడిగింది.

"పోయొస్తనని చెప్పిన అక్కా."

"పోతనని చెప్పలేదు గద? మరి ఎన్కకు మలుపు."

వాడు ఆటోను పక్కకు ఆపి, లారీ పోయినంక వెనక్కి మలిపిండు. నా పానం కుదుటపడ్డది.

మూడు దినాలకు అదే సందు కాడ నా స్కూటరుకు ఎదురుంగ రాంగ్ రూట్ల ఒక ఆటో వచ్చింది. సూస్తే వాడే. నేను బ్రేకు కొట్టి తిట్టేలోపల నవ్వుకుంట చెయ్యి ఊపిండు.

"ఇంట్ల చెప్పే వచ్చిన సార్, పోయొస్తనని!"