జర్మనీ ఆటగాడి మోకాలు

నా చిన్నప్పుడు, మైపాడు దగ్గర మా ఊళ్లో, చదవడం వచ్చినందుకు నేను పడ్డ విసుగు అంతా ఇంతా కాదు. ఐదో తరగతితో నా బడి మాన్పించారు. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఊరి గ్రంథాలయం చలవే. అక్కడి రెండు బీరువాల పుస్తకాలూ చదివేశానని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

ఒకసారి అక్కడ పారేయబోతున్న పాత వారపత్రికను అడిగి తెచ్చుకున్నాను. అందులో ఒక జర్మనీ ఫుట్‌బాల్ ఆటగాడి మీద వ్యాసం ఉంది. మోకాలు దెబ్బతిన్నా కట్టు కట్టుకుని ఏళ్ల తరబడి సొంత ఊరి జట్టుకే ఆడాడట. ఆట మానేశాక కూడా, వీధిలోకి వస్తే జనం అతని చుట్టూ మూగుతారట. చదవడం రాని మా తాతయ్యకు దాన్ని వినిపించడమే నేను చేసిన పొరపాటు.

తాతయ్య వయసులో ఉండగా కాలవలో ఉప్పు పడవలు నడిపేవాడు. గాలి లేనప్పుడు భుజానికి తాడు వేసుకుని గట్టు వెంబడి పడవను లాగేవాడు. మోకాళ్లు అరిగిపోయి ఇంటిపట్టున కూర్చున్నాడు. మధ్యాహ్నం నేను పుస్తకం తెరవగానే పిలుపు వచ్చేది.

"పాపా, ఆ జర్మనీవోడిది చదువు."

"నిన్ననే గదా తాతా చదివింది!"

"ఈ రోజు ఇంకోసారి ఆడతాడులే."

గోల్స్ సంగతి ఆయనకు పట్టదు. మోకాలికి ఏ నూనె రాశారని అడిగేవాడు. అది పత్రికలో ఉండదు. చివరి పేరా మాత్రం రెండుసార్లు చదవాలి. ఒక్క వాక్యం మింగినా పట్టేసేవాడు. మర్నాటికి తిరిగి ఇవ్వాల్సిన నవల నా ఒళ్లో సగంలో ఆగిపోయి ఉండేది.

ఒక రోజు ఓపిక నశించింది. చివరి పేరా దగ్గర, పత్రికలో లేకపోయినా ఉన్నట్టే, "ఆ ఆటగాడు పోయిన నెల చనిపోయాడు" అని చదివేశాను.

తాతయ్య మెల్లగా లేచాడు. బావి దగ్గరకు వెళ్లి, చావు కబురు విన్నవాళ్లు చేసినట్టే తలమీదుగా నీళ్లు పోసుకున్నాడు. తడి పంచెతో అరుగు మీద కూర్చుని అన్నం వద్దన్నాడు.

"ఎవురు పోయినారు మామా?" అని అమ్మ కంగారుపడింది.

"మనోడే, జర్మనీలో."

పక్కింటి అక్క పకపకా నవ్వి, "మీ తాతకి అంత దూరం చుట్టరికమా మే?" అంది నాతో. నాకు నవ్వు రాలేదు. నిజం చెబితే నా చదువును ఊళ్లో ఎవరూ నమ్మరు. చెప్పకపోతే తాతయ్య పస్తు. పొద్దు వాలేదాకా కొట్టుమిట్టాడి, చివరికి ఆయన పక్కన చేరి అబద్ధమని ఒప్పుకున్నాను.

"తెలుసులే," అన్నాడు. "నిన్న బతికున్నోడు అదే పాత కాయితంలో ఈ రోజు ఎట్ట చస్తాడు?"

నాకు ఒళ్లు మండింది. మరి ఈ స్నానం, ఈ పస్తు ఎందుకని అడిగాను.

"ఆట మానుకున్నోణ్ణి చంపేది ఎంత సులువో నువ్వూ చూస్తావని."

అప్పుడు నాకు కోపమే తప్ప ఆ మాట అర్థం కాలేదు. పెద్దయ్యాక కావలిలో, నెల్లూరులో గ్రంథాలయాలు గాలించి ఆ ఆటగాడి గురించి దొరికినదంతా చదివాను. ఎన్నేళ్లు ఆడాడో, ఏ కాలికి దెబ్బ తగిలిందో, ముసలితనంలోనూ జనం అతన్ని ఎలా వెతుక్కుంటూ వచ్చేవారో ఎవరడిగినా చెప్పగలను. తాతయ్య ఎన్నేళ్లు పడవ లాగాడో, తాడు ఏ భుజం మీద వేసుకునేవాడో చెప్పలేను. రోజూ మధ్యాహ్నం ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్కసారైనా అడగనందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.