ముంజేత్తో నిమిరే మామ్మ

మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు పిల్లల్ని అరచేత్తో తాకరు. మా అమ్మ గుంటూరులో ఇప్పటికీ ఆ పనికే వెళ్తుంది. నా చిన్నప్పుడు సాయంత్రం ఇంటికొచ్చి, చేతులు ఎంత కడుక్కున్నా ఘాటు పోదని, నా బుగ్గను ముంజేత్తో నిమిరేది. ముద్దు చేయడమంటే అందరిళ్లలోనూ అంతేనేమో అనుకునేదాన్ని.

పెద్దయ్యాక బ్రాడీపేటలో, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉన్న చిన్న యానిమేషన్ స్టూడియోలో చేరాను. యూట్యూబులో పెట్టే పిల్లల కథలకు బొమ్మలు గీసి కదిలించడం నా పని. అక్కడ నేను పుట్టించిన మనిషి మిరపకాయల మామ్మ. మనవడు పరుగెత్తుకొస్తే ముంజేత్తో వాడి బుగ్గ నిమురుతుంది. ఆ ఒక్క కదలిక కుదరడానికి ఎన్ని బొమ్మలు గీసి చెరిపానో నాకే తెలియదు. అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని గీశాను.

పోయిన ఏడాది మా ఓనరు ఏఐ తెచ్చాడు. "ఇక గీయక్కర్లేదమ్మా, చెబితే చాలు, అదే చేసేస్తుంది" అన్నాడు, కొత్త అల్లుణ్ణి చూపించినంత సంబరంగా. అందరం చుట్టూ చేరాం. తెరమీద మిరపకాయల గుట్ట, పక్కన మామ్మ. చీర ముడతలు నాకంటే బాగా వేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. మామ్మ నాలుగు తొడిమలు తీసింది. మనవడు రాగానే వాడి మొహాన్ని రెండు అరచేతుల్లోకి తీసుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "పిల్లాడి కళ్లు పోతాయి సార్!" అని అరిచాను.

"ఏంటమ్మా, ఏమైంది?"

"ఆ చేతుల్తో ఎవరైనా పిల్లల మొహం పట్టుకుంటారా? మీదీ ఈ ఊరే కదండీ!"

ఆయన నవ్వాడు. "సరే, ఎలా ఉండాలో నువ్వే దగ్గరుండి చెప్పు. నీ పాత బొమ్మలన్నీ కూడా దానికి చూపిద్దాం."

అమ్మను అవమానించినట్టు అనిపించి, పంతం పట్టి కూర్చున్నాను. మణికట్టు బయటికి తిరగాలి, వేళ్లు పిల్లాడికి దూరంగా మడవాలి, మొహం మాత్రం దగ్గరకు రావాలి అని వరసగా చెప్పాను. నా బొమ్మలన్నీ దానికి మేపారు. సాయంత్రానికల్లా మామ్మ తప్పు దిద్దుకుంది. నెల తిరక్కుండానే ఓనరు నన్ను పిలిచి, "కొన్నాళ్లు ఇంట్లో ఉండమ్మా, పనుంటే కబురు చేస్తా" అన్నాడు.

కబురు రాలేదు. మామ్మ మాత్రం వారం వారం వస్తూనే ఉంది. ఆ యంత్రానికి మా అమ్మ ఎవరో తెలియదు, కారమంటే ఏమిటో తెలియదు. ఎన్నడూ మండని చేతులతో అంత జాగ్రత్త నటిస్తుంది.

ఉద్యోగం పోయిన సంగతి అమ్మకు చెప్పలేదు. ఇంటి నుంచే పని అని నమ్మించాను. మొన్న ఆమె పని నుంచి వచ్చి, ఫోను నన్ను పట్టుకోమని కొత్త కథ చూసింది. మామ్మ మనవడి బుగ్గ నిమరగానే మొహం వెలిగిపోయింది.

"అచ్చం నాలాగే చేసిందే! ఎంత బాగా గీశావే తల్లీ!"

గీసింది నేను కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా అమ్మ వేళ్లు వెనక్కి మడిచి, ముంజేత్తో నా బుగ్గ నిమిరింది.

"అవునమ్మా, నేనే గీశాను" అన్నాను.