కోసేసిన క్లచ్ లివర్

2022 ఏప్రిల్, న్యూజెర్సీ. ప్లెయిన్స్‌బరోకి దగ్గర్లో ఉన్న ఒక తెలుగు చర్చి వెనక స్థలంలో, ఒక పెద్దాయనకి ఆయన పాత ట్రాక్టర్‌ని తళతళలాడేలా బాగుచేసి తెచ్చి అప్పగించాను. ఆయన దాన్ని నడపలేకపోయారు. నడపలేకుండా చేసింది నేను. చూస్తున్నవాళ్లు మాత్రం లోపం ఆయన కాలిదే అనుకున్నారు. నేను వాళ్లని అలాగే అనుకోనిచ్చాను. మొదటిది పొరపాటు, రెండోది పిరికితనం. మొదటిది ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా చేస్తారు. రెండోది నా సొంతం.

ముందు ఈ పని గురించి కాస్త చెప్పాలి. వారమంతా నేను ఒక మందుల కంపెనీలో వాలిడేషన్ ఇంజనీర్‌ని. యంత్రం చేయాల్సిన పనే చేస్తోందని పరీక్షించి, సంతకం పెట్టడం నా ఉద్యోగం. శని, ఆదివారాలు పాత గార్డెన్ ట్రాక్టర్లు బాగుచేస్తాను. గార్డెన్ ట్రాక్టర్ అంటే పొలాలు దున్నే పెద్ద బండి కాదు. పచ్చిక కోసే బండికి అన్నయ్యలా ఉంటుంది, నడుం ఎత్తున. అరవైల్లో తయారైనవాటికి పోత ఇనుము శరీరం, ఒకే సిలిండర్ ఇంజన్. ప్లాస్టిక్ ముక్క కనపడదు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడికి ట్రాక్టర్లెందుకని తోటి తెలుగువాళ్లు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. ఊరి చివర ఒక రైతు కొట్టంలో సగం అద్దెకి తీసుకున్నాను. అక్కడ నాకు దొరికేంత సంతోషం వాళ్లకి వాళ్ల స్టాక్ మార్కెట్‌లో దొరుకుతోందని నేననుకోను.

మొదట్లో నావి నేనే కొనుక్కుని బాగుచేసుకునేవాణ్ణి. తర్వాత ఇతరులు తెచ్చివ్వడం మొదలైంది. ప్రసాదరావు గారి బండి అలా వచ్చిందే. ఆయన తెనాలి వైపు మనిషి. లాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు, డెబ్బై దాటాయి. చర్చి వెనక నేలలో ఏటా గోంగూర, మిరప, బెండ వేస్తారు. వేసవిలో ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటింటికీ ఒక సంచీ కూర ఇచ్చి పంపుతారు. ఆ నేలని దున్నేది ఈ ట్రాక్టరే. వెనక టిల్లర్ తగిలిస్తారు, అంటే గిరగిరా తిరుగుతూ మట్టిని తిరగేసే ఇనప పళ్ల వరస. ఆ శీతాకాలం ముందు బండి మొరాయించింది.

"స్టార్టయ్యి, ఆగిపోకుండా ఉంటే చాలు బాబూ," అన్నారు తన గరాజ్‌లో. "సోకులేం వద్దు దానికి."

ఆయన నాతో బండి చుట్టూ తిరిగారు. ఎడమ కాలు ఈడుస్తూ నడిచారు. చిన్నప్పుడు పోలియో వచ్చిందట. ప్యాంటు లోపల మోకాలి దాటి పైదాకా ఇనప పట్టీల బ్రేస్ ఉంటుంది. అడుగు వేసినప్పుడల్లా అది కిర్రుమంటుంది. అదంతా చూశాను, విన్నాను. బండికి ఎడమ పక్క క్లచ్ పెడల్ నుంచి పైకి లేచిన ఒక వంకర గొట్టాన్నీ చూశాను. నీళ్ల పైపు ముక్క, ముతక వెల్డింగ్, పిడికి చుట్టిన నల్ల టేప్. ఈ రెండింటినీ కలిపి చూడటం మాత్రం నా బుర్రకి తట్టలేదు.

దానికి కారణం పాత బండ్లు బాగుచేసే మాలో ఉన్న ఒక అలవాటు. పాత బండి మా చేతికి రాగానే అది ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉండేదో ఊహించుకుంటాం. ఆ తర్వాత దానిమీద ఎవరు ఏం చేసినా మా కంటికి మురికే. యజమానులు ఇంట్లో ఉన్న తీగలతో, పైపులతో చేసుకున్న అతుకులకి మాలో 'ఫార్మర్ ఫిక్స్' అని ఒక ఎగతాళి పేరు కూడా ఉంది. వాటి ఫోటోలు తీసి ఒకళ్లకొకళ్లం పంపుకుని నవ్వుకుంటాం. ఆ వంకర గొట్టం ఫోటో నేనూ పంపాను, బిల్‌కి. నాకు ఈ పని నేర్పినవాడు, మా కలెక్టర్ల షోలలో జడ్జిగా కూర్చునేవాడు. "పీకి పారెయ్" అని ఒక్క మాట రాశాడు.

చలికాలమంతా పనిచేశాను. కార్బ్యురేటర్ విప్పి కడిగాను. ఇగ్నిషన్ పాయింట్లు మార్చాను, అంటే నిప్పురవ్వ పుట్టించే చిన్న కాంటాక్టులు. ఆయన అడిగింది అంతవరకే. కానీ నా చెయ్యి ఆగలేదు. బండిని బోల్టు బోల్టుగా విప్పి, తుప్పు గీకి, ఫ్యాక్టరీ రంగు వెతికి కలిపించి వేశాను. గ్రైండర్‌తో ఆ గొట్టాన్ని మొదలంటా కోసి, వెల్డింగ్ మచ్చ కూడా కనపడకుండా నున్నగా అరగదీశాను. గొట్టం పాత ఇనుము కుప్పలోకి, అక్కణ్ణుంచి తుక్కు బండిలోకి వెళ్లిపోయింది. ఒక్కసారి ఫోన్ చేసి "అంకుల్, ఇదేంటి?" అని అడగలేదు. అడిగితే ఉంచమంటారేమోనని లోపల ఎక్కడో తెలుసేమో. నిజాయితీగా చెప్పాలంటే, అప్పటికి అది నా మనసులో ఆయన బండి కాదు, నా బండి.

ఆ ఆదివారం ట్రెయిలర్ మీంచి దించగానే చర్చివాళ్లంతా చుట్టూ మూగారు. ప్రసాదరావు గారి అబ్బాయి సామ్ కూడా ఉన్నాడు. ఇక్కడే పుట్టి పెరిగాడు, ముప్ఫై ఏళ్లుంటాయి. పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగారు. ఎడమ పక్కకి వచ్చి ఆగారు.

"లివర్ ఏదయ్యా?"

"తీసేశాను అంకుల్," అన్నాను, ఇంకా నవ్వుతూనే. "ఒరిజినల్ బండికి అది లేదు."

ఆయన నావైపు చూడలేదు. చుట్టూ ఉన్నవాళ్లని చూశారు. తర్వాత ఎక్కి కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశారు. ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి పెడల్ మీద పెట్టుకున్నారు. ఈ బండ్లలో క్లచ్ తొక్కి పట్టుకుంటేనే ఇంజన్‌కీ చక్రాలకీ లంకె తెగుతుంది. గేరు వెయ్యాలన్నా, ఆపాలన్నా ఎడమ కాలితో గట్టిగా తొక్కాలి. ఆయన కాలిలో ఆ బలం లేదు, ఇన్నేళ్లూ ఆ లివర్‌ని చేత్తో నెట్టి పెడల్ దించేవారు. తొడమీద రెండు చేతులూ మోపి అదిమారు. పెడల్ దిగింది, గేరు పడింది. చేతులు తీయగానే పెడల్ ఎగిరింది. బండి ముందుకి దూకి కంచె కర్రని విరగ్గొట్టి నిలబడింది. సామ్ పరిగెత్తుకెళ్లి తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు.

"చాలు డాడీ. ఐ యామ్ డన్ విత్ దిస్. నువ్వు ఇంక నడపకూడదు."

"ఇన్నేళ్లూ నడిపింది ఎవరు, మీ తాతా?"

"అప్పుడు నువ్వు యంగ్. ఇప్పుడు చూడు, నీ లెగ్ వర్క్ చెయ్యట్లేదు." నావైపు తిరిగాడు. "మురళీ అంకుల్, మీరు ఇంజనీర్ కదా, మీరే చెప్పండి. ఇది డాడీకి సేఫా?"

చెప్పాల్సిన మాట ఒక్కటే. ఆయన ఎప్పటిలాగే ఉన్నారు, మారింది బండి, మార్చింది నేను. అంతమంది ముందు, ఆ మెరిసే రంగు పక్కన నిలబడి ఆ మాట అనలేకపోయాను. "చూడాలి" అన్నాను. ఆ 'చూడాలి' అన్న మాటకి ఆయన అప్పుడు నావైపు చూశారు. ఆ చూపులో కోపం ఉంటే భరించేవాణ్ణే. వీడు కూడా ఇంతేనా అన్న చులకన ఉంది.

ఆ వారమే చర్చి కమిటీ నిర్ణయించింది. పెద్దాయనకి దెబ్బ తగలకముందే ఆ నేలలో పచ్చిక వేయించేద్దామని. కోసే పని బయటి మనుషులకి అప్పగిస్తారు. గోంగూర కావాలంటే ఇండియన్ స్టోర్‌లో దొరుకుతుంది. విత్తనాలు చల్లేవాళ్లు వచ్చే సోమవారం వస్తారు.

కబురు తెలిసిన సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా నిలబడ్డారు.

"అంకుల్, తప్పు నాది. లివర్ మళ్లీ చేసిస్తా."

"అది బండికి పెట్టింది కాదయ్యా, నాకు పెట్టింది. నా కాలికి ఏం చెయ్యాలో నాకు తెలుసు. నిన్ను ఇంజను చూడమన్నాను. నన్ను చూడమనలేదు."

"అవును అంకుల్."

"కమిటీవాళ్లు ఫోన్ చేశారు. రెస్ట్ తీసుకోమన్నారు. నేను అలిసిపోయానని వీళ్లకెవరు చెప్పారు?" అని పక్కకి జరిగారు. "సరే, రా. టీ తాగి కొలతలు తీసుకో."

కొలతలు తీసుకోవడంలోనూ తెలివి చూపించబోయాను. శనివారానికల్లా నిటారుగా, చక్కని ఉక్కు కడ్డీతో లివర్ చేసి తెచ్చి, ఆయన గరాజ్‌కి చేరిన బండి పెడల్‌కి బిగించాను. ఆయన ఎక్కి కూర్చోగానే అది బ్రేస్‌కి కొట్టుకుంది. బ్రేస్ వేసుకున్న మోకాలు పూర్తిగా వంగదు, బయటికి తెరుచుకుని ఉంటుంది. నేను ఫోటో తీసి నవ్వుకున్న ఆ వంకర, ఆ మోకాలిని తప్పించుకోవడానికి పెట్టిన వంపు.

"దిగి నువ్వు కూర్చో," అన్నారు. ఒక తువ్వాలుతో నా ఎడమ మోకాలు వంగకుండా చెక్కపలక పెట్టి కట్టారు. "ఇప్పుడు నడుపు ఇంజనీర్ గారూ."

గరాజ్ ముందు రెండు చుట్లు తిప్పేసరికి చెమటలు పట్టాయి. వంపు ఎక్కడ మొదలవ్వాలో, పిడి ఎంత ఎత్తులో ఉండాలో నా ఒంటికి అర్థమయ్యాక సుద్దముక్కతో గీసుకున్నాను. ఎక్కడ సందేహం వచ్చినా ఈసారి అడిగాను. ఆయన చెప్పారు, తిట్టారు, మళ్లీ చెప్పారు.

ఆ గీత ప్రకారం ఒక పైపుని వంచాను, కానీ బోల్టులతో బిగిస్తే చేతి బరువుకి జారుతోంది. పెడల్ కాడకే వెల్డ్ చెయ్యాలి. చేస్తే ఆ వేడికి చుట్టూ ఉన్న కొత్త రంగు మాడుతుంది. బండిని కొట్టానికి తీసుకెళ్లి వెల్డింగ్ మెషిన్ తీస్తుంటే బిల్ వచ్చాడు. సంగతి విని తల పట్టుకున్నాడు.

"నీ చేతిలోంచి వచ్చినవాటిలో ఇదే మంచి పని. జూన్‌లో షోకి తెస్తే ఫస్ట్ ప్రైజ్ దీనిదే. ఆ పైపు అతికిస్తే నేనే మార్కులు తీసేయాల్సొస్తుంది."

"తీసెయ్."

"సరే, ఆయనకి వేరే బండి చూసిపెట్టు. దీన్ని ఇలాగే ఉంచు."

"ఆయన బండి ఆయనకి కావాలి బిల్. ఇన్నాళ్లూ మనం వీటిని ఎవరూ ముట్టుకోనట్టు తయారు చేస్తున్నాం. ఒకాయన దీన్ని ముట్టుకున్నాడు, ఏళ్ల తరబడి దీంతో ఊరికి కూర పెట్టాడు. అది నీ స్కోర్ షీట్‌లో తప్పయితే, నీ షీట్ తప్పు."

బిల్ తన తోలు గ్లవ్స్ తొడుక్కుని వచ్చి, గొట్టం కదలకుండా పట్టుకున్నాడు. రంగు బుడగలు లేచి, గోధుమ రంగుకి తిరిగి, నల్లబడింది. ఆ మాడిన చోట మళ్లీ రంగు వేయలేదు. వేయను కూడా.

మర్నాడు ఆదివారం, బండిని మళ్లీ చర్చి వెనక దించాను. ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర అందరూ ఉన్నారు. నేను వాళ్ల చర్చి మనిషిని కాను. అయినా లేచి నిలబడి, ఒక్క నిమిషం వినమన్నాను.

"పోయిన ఆదివారం కంచె విరగ్గొట్టింది ప్రసాదరావు గారు కాదు. ఆయన చేత్తో క్లచ్ నెట్టడానికి పెట్టుకున్న లివర్‌ని నేను అడక్కుండా కోసేశాను. సామ్ అడిగినప్పుడు చెప్పకుండా దాచాను. ఆయన కాలు చిన్నప్పట్నుంచీ అంతే. దాంతోనే మీ అందరికీ గోంగూర పెంచారు. పచ్చిక వేస్తే వేసుకోండి, మీ స్థలం మీ ఇష్టం. కానీ ఆయనకి చేతకావట్లేదు కాబట్టి వేస్తున్నామని మాత్రం అనకండి. అది అబద్ధం. ఆ అబద్ధం నాది."

సామ్ లేచి బయటికి వచ్చాడు, నేను వెనకే వెళ్లాను. పెద్దాయన అప్పటికే ట్రాక్టర్ ఎక్కి కూర్చున్నారు. ఎడమ చేత్తో లివర్ నెట్టారు, గేరు వేశారు, నెమ్మదిగా వదిలారు. బండి కుదుపు లేకుండా కదిలింది. కొంత దూరం పోయి, ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ ఆగింది.

సామ్ చేతులు కట్టుకుని చూశాడు. "ఐ స్టిల్ డోంట్ లైక్ ఇట్," అన్నాడు. "డాడీకి ఏమైనా అయితే నేను మీకే కాల్ చేస్తా."

"చెయ్యి. ఎప్పుడైనా సరే."

"నేనిక్కడే ఉన్నాన్రా," అన్నారు ఆయన సీటు మీంచి. "నాకేమవుతుందో నన్నడుగు."

కమిటీ పెద్ద ఒకాయన బయటికి వచ్చి, ఈ ఒక్క ఏడాదికి పచ్చిక ఆపుదాం అన్నారు. ఆ 'ఒక్క ఏడాది' పెద్దాయనకి నచ్చలేదు. "వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది నన్నడిగి చెప్పండి," అని టిల్లర్ దించారు.

ఆనాటి నుంచి ఎవరి బండినైనా ముట్టుకునేముందు యజమానిని దానిమీద కూర్చోబెట్టి, నడపమని, పక్కన నిలబడి చూస్తాను. కొత్త భాగం కానీ, పాత అతుకు కానీ అడక్కుండా తియ్యను. తీసే ముందు ఎందుకు ఉందని అడుగుతాను. మా కలెక్టర్లలో కొందరు నన్ను చూసి తల అడ్డంగా ఊపుతారు. ఊపుకోనివ్వండి. బండిని పుట్టినరోజు నాటికి తీసుకెళ్లగల చెయ్యి నాకుందన్న గర్వం ఇంకా ఉంది, అది పోలేదు. ఎవరి బతుకుని గీకి పారేస్తున్నానో చూసుకోవాలన్న భయం దానికి తోడైంది, అంతే.

ఆ ఆదివారం నేను తిన్నగా ఇంటికి పోలేదు. అక్కడి నేలలో చలికాలం తర్వాత రాళ్లు పైకి తేలతాయి. టిల్లర్ పళ్లకి తగిలితే పళ్లు విరుగుతాయి. పెద్దాయన వెనక్కి తిరగకుండానే, "ఊరికే నిలబడకపోతే ఆ రాళ్లు ఏరరాదూ," అన్నారు. చొక్కా చేతులు మడిచి, విరిగిన కంచె కర్ర దగ్గర ఒక బకెట్ పెట్టుకుని, నేల మొత్తం దున్నడం అయ్యేదాకా ట్రాక్టర్‌కి ముందు వంగి నడుస్తూ రాళ్లు ఏరాను.